బిళ్ళ లేని గొలుసు

ఆ షెడ్డులో బరువులెత్తే గొలుసులు పద్దెనిమిది. పదిహేడింటికి బిళ్ళలున్నాయి. పద్దెనిమిదో దానికి మావయ్యగారున్నారు.

బిళ్ళంటే పెద్ద సంగతేమీ కాదు, అరచేతిలో పట్టే రేకు ముక్క. గొలుసు పైరింగుకి వేలాడుతూ ఉంటుంది. ఆ గొలుసు ఎన్ని టన్నులు మోస్తుంది, పొడవెంత, కిందటిసారి ఎప్పుడు పరీక్ష చేశారు అన్న మూడు ముక్కలూ దాని మీద గుద్ది ఉంటాయి. బిళ్ళ లేని గొలుసుతో గోనెసంచి కూడా ఎత్తకూడదని రూలు. కోడలు ఆ షెడ్డులో చెకింగు పనికి చేరిన మొదటి వారంలోనే బరువులెత్తే ఖలాసీలందర్నీ నిలబెట్టి ఈ రూలు చదివి వినిపించింది. అందరూ బుద్ధిగా విన్నారు. అందరికంటే బుద్ధిగా విన్నది ఖలాసీల మేస్త్రీ అయిన మావయ్యగారు. అంతా విని, "మరి నా గొలుసుకి నేనే బిళ్ళని కదమ్మాయ్" అన్నారు.

ఆయన ఆ మాట వేళాకోళానికి అనలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ షెడ్డుకి బాగుచేతకి వచ్చిన ప్రతి బరువునీ, పంపయినా ఇంజనయినా మిల్లు డ్రమ్మయినా, ఎత్తించిందీ దింపించిందీ ఆయనే. పైన ఒక రింగు, దానికి రెండు కాళ్ళు, కాలికో కొక్కెం ఉన్న ఆ గొలుసు ఆయన మేస్త్రీ అయిన ఏడాది కొన్నది. దాన్ని ఇంకొకరు ముట్టుకుంటే ఆయనకి ముక్కు మీదే కోపం. శనివారం శనివారం పని అయిపోయాక దగ్గర కూర్చుని లింకు లింకుకీ గ్రీజు పూసేవారు. పెళ్ళాం మోకాళ్ళ నొప్పులకి మందు నూనె రాయమంటే చెయ్యి నొప్పి అనే మనిషి, గొలుసుకి మాత్రం రెండు గంటలు రాసేవారు. ఈ సంగతి అత్తగారే నలుగురికీ చెప్పి నవ్వించేది.

ఇంటి దగ్గర మావాకోడళ్ళ మధ్య ఏ పేచీ లేదు. ఇద్దరూ ఒకే స్కూటరు మీద పనికి వెళ్ళేవారు. బండి కోడలు నడిపేది. వెనక కూర్చున్న మావయ్యగారు ఊరుకోకుండా క్రేను సైగలు చేస్తుండేవారు. పిడికిలి బిగిస్తే ఆగమని, చూపుడు వేలు గుండ్రంగా తిప్పితే రమ్మని. ముందు కూర్చున్న కోడలికి అవి కనిపించవు. ఎదురొచ్చే లారీవాళ్ళకి మాత్రం శుభ్రంగా కనిపించేవి. వాళ్ళు కంగారుపడి బండి పక్కకి తీస్తే, తన చెయ్యి చూస్తే లారీలు కూడా ఆగుతాయని ఆయన మురిసిపోయేవారు.

షెడ్డు గేటు దాటగానే కథ మారిపోయేది. గొలుసుని కిరసనాయిల్లో కడగాలి, బల్ల మీద బారుగా పరచాలి, దీపం పెట్టి లింకు లింకూ చూడాలి, కొలత పట్టాలి. మందంలో పదో వంతు అరిగినా, కాస్త సాగినా, వంగినా, గీత పడినా పక్కన పెట్టాలి. ఈ పని చేసి చేసి కోడలికి అక్కడ కొలతలమ్మ అని పేరొచ్చింది. ఆరు నెలల్లో ఆవిడ పదిహేడు గొలుసులు రెండేసి సార్లు కొలిచింది. పద్దెనిమిదోది మాత్రం చేతికి చిక్కలేదు.

ఎప్పుడడిగినా దానికి ఏదో ఒక పని. ఒకసారి అది క్రేనుకి వేలాడుతోంది. ఒకసారి తుప్పు వదలాలని నీళ్ళ డ్రమ్ములో నానబెట్టానన్నారు. ఇనుముకి నీళ్ళలో తుప్పు వదులుతుందా మావయ్యా అని కోడలడిగితే, ఈ ఇనుము వేరు అన్నారు. ఇంకోసారి కొలత పట్టుకుని వెళ్ళేసరికి దాన్ని చుట్టగా చుట్టి, దాని మీద కూర్చుని, క్యారేజీ విప్పి భోంచేస్తున్నారు. తింటున్న పెద్దమనిషిని లేవమనడం ఎలాగని ఆవిడ వెనక్కి వచ్చేసింది. ఆయన ఆ రోజు భోజనానికి గంటంబావు పట్టింది.

మొగుడితో చెప్పుకుంటే అతను బడిలో డ్రాయింగు మాస్టారు, గొడవంటే ఆమడ దూరం. ఒకవైపు నాన్న, ఒకవైపు నువ్వు, నడుమ నన్ను వేలాడదీయొద్దని చేతులెత్తేశాడు. అత్తగారయితే ఇంట్లో ఒక శాసనం చేసింది. అన్నాల దగ్గర గొలుసు మాట ఎత్తినవాళ్ళకి రెండోసారి వడ్డన లేదు. ఆ శాసనం వచ్చాక మావాకోడళ్ళిద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకుంటూ కడుపునిండా తిన్నారు.

కోడలికి నవ్వులాటగా ఉన్నది కొన్నాళ్ళే. తర్వాత ఒకటి గమనించింది. ఆ గొలుసుతో బరువెత్తే ప్రతిసారీ మావయ్యగారు అందర్నీ కేకలేసి నేల మీది పసుపు గీత అవతలకి తరిమేస్తారు. తానొక్కడే బరువు పక్కన నిలబడతారు. మిగతా గొలుసుల దగ్గర ఇంత హడావుడి లేదు. తన గొలుసు కాబట్టి గొప్ప చూపించుకుంటున్నారని ఖలాసీలు నవ్వుకునేవారు. కోడలు నవ్వడం మానేసింది.

ఇంతలో కాగితం మిల్లు డ్రమ్ము వచ్చింది. ఎనిమిది టన్నులు. లారీ మీద నుంచి ఎత్తి, షెడ్డు మధ్యలో ఉన్న దిమ్మల మీద కూర్చోబెట్టాలి. ఆ మిల్లువాళ్ళకి కాగితాలంటే ప్రాణం, తయారుచేసేదే అది మరి. వాడబోయే ప్రతి గొలుసునీ చూశామని చెకింగు మనిషి సంతకం ఉంటేగానీ డ్రమ్ము మీద చెయ్యి వేయనివ్వం అన్నారు. మేనేజరు కోడల్ని పిలిచి ఆ సంగతి చెప్పాడు. చెప్పి, గొంతు తగ్గించి ఇంకో మాట కూడా చెప్పాడు. మేస్త్రీగారికి వయసైపోయింది, ఇంకో రెండేళ్ళు ఉంచాలా, ఇంటికి పంపి ఆయన కింద ఉన్న నిదానాన్ని మేస్త్రీ చెయ్యాలా అన్నది ఈ డ్రమ్ము పని చూసి తేలుస్తారట. నిదానం అంటే రెండో ఖలాసీ. ఏ పని చెప్పినా నిదానం, నిదానం అంటాడు కాబట్టి ఆ పేరు.

ఈ డ్రమ్ముని కూడా మావయ్యగారు తన గొలుసుతోనే ఎత్తుతానంటారు. చూడని గొలుసుకి సంతకం పెడితే ఎవరి మీదికైనా ఎనిమిది టన్నులు రావచ్చు. పెట్టనంటే ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసిన మనిషిని కోడలే ఇంటికి పంపినట్టు. పని లేకపోతే ఆయన ఏమైపోతారో ఆవిడకి తెలుసు. ఆదివారం ఒక్క రోజు సెలవిస్తేనే ఇంట్లో మంచాలు అటు నుంచి ఇటు జరిపించి అత్తగారి ప్రాణం తీస్తారు.

డ్రమ్ము ఎత్తే రోజు పొద్దున్న స్కూటరు ఎక్కడానికి మావయ్యగారు కనిపించలేదు. ముందే నడిచి వెళ్ళిపోయారని అత్తగారు చెప్పింది. కోడలు షెడ్డుకి వెళ్ళేసరికి ఇంకా ఎవరూ రాలేదు. గొలుసుల గదిలో దీపం వెలుగుతోంది. బల్ల మీద పద్దెనిమిదో గొలుసు బారుగా పరిచి ఉంది. మావయ్యగారు కళ్ళజోడు ముక్కు చివరికి లాక్కుని, బొటనవేలితో ఒక్కొక్క లింకూ తడుముతున్నారు. ఒక లింకు దగ్గర వేలు ఆగింది. అక్కడే చాలాసేపు ఉండిపోయింది.

కోడలు గుమ్మంలోనే నిలబడి చూసింది. తర్వాత దగ్గరికి వెళ్ళి, ఏమీ అడక్కుండా, కొలత తీసి ఆ లింకుకి పట్టింది. పదో వంతు కాదు, ఎనిమిదో వంతు పైనే అరిగింది.

"ఏడో లింకు," అన్నారు మావయ్యగారు, పాఠం అప్పజెప్పినట్టు. "ఎడమ కాలు."

"ఎప్పట్నుంచి తెలుసు?"

"ఏడాది పైనే."

కోడలికి ఒళ్ళు మండిపోయింది. పెద్దవాళ్ళ మీద గొంతు లేపకూడదని పెంచారు కాబట్టి లేపలేదు గానీ, కొలత మాత్రం బల్ల మీద ఠపీమని పెట్టింది. ఆయన తల ఎత్తకుండానే చెప్పుకొచ్చారు. దాన్ని పక్కన పెడితే తననీ పక్కన పెడతారని భయం వేసిందట. అందుకే దాని జోలికి ఇంకొకర్ని రానివ్వలేదట. సగానికి సగం తక్కువ బరువులే దానితో ఎత్తారట. ఎవరికీ దెబ్బ తగలకూడదని అందర్నీ గీత అవతలకి తరిమి తానొక్కడే నిలబడ్డారట. దాని బలమూ బలహీనతా రెండూ తన వేళ్ళకి తెలుసట.

"మీకు తెలుసు, సరే," అంది కోడలు. "మీరు జాగ్రత్తగా ఉన్నారని గొలుసుకి తెలుసా మావయ్యా?"

 ఆయన చిన్నపిల్లాడు బతిమాలినట్టు, ఈ ఒక్కసారికి ఒప్పుకోమన్నారు. ముప్ఫై ఒక్క ఏళ్ళూ దీనితోనే ఎత్తిన మనిషి ఆఖరికి వేరే గొలుసు పట్టుకున్నాడంటే ఖలాసీలు ఏమనుకుంటారు, మేనేజరు ఏమనుకుంటాడు. ఈ డ్రమ్ము ఒక్కటి దింపేస్తే, సాయంత్రం తానే మోసుకొచ్చి కోడలి బల్ల మీద పెడతానన్నారు.

కోడలు కాగితం ముందుకి లాక్కుంది. కలం తీసి మూత విప్పింది.

"సరే, పెడతాను సంతకం. కానీ మంచి గొలుసని సంతకం పెట్టిన మనిషి గీత అవతల దాక్కుంటే బాగోదు. మీరెక్కడ నిలబడితే నేనూ అక్కడే నిలబడతాను."

"నీకేం పని అక్కడ?"

"గొలుసు మంచిదేగా మావయ్యా. పక్కన నిలబడ్డానికి భయమెందుకు?"

మావయ్యగారు కోడలి మొహంలోకి చూశారు. వేళాకోళమేమో అని వెతికారు, కనిపించలేదు. కలం కాగితం మీదికి వంగింది.  బయట ఖలాసీలు ఒక్కొక్కరే వస్తున్నారు, సైకిళ్ళ స్టాండు చప్పుడు వినిపిస్తోంది. అప్పుడు ఆయన చెయ్యి చాపి, కోడలి చేతిలోంచి కలం తీసుకుని, మూత పెట్టేశారు.

"నాలుగో నంబరు దించు," అన్నారు. "దాని కాళ్ళు పొడుగు. మరీ చాచి ఎత్తక్కర్లేదు."

ఆ మాట విని కోడలికి కళ్ళ నీళ్ళొచ్చినంత పనయింది. గొలుసు కాళ్ళు ఎంత ఎడంగా చాపితే అంత ఎక్కువ బరువు పడుతుందని ఆవిడ ఆరు నెలలుగా చెప్తుంటే, ఆయన చెవిన వేసుకోలేదనే అనుకుంది.

డ్రమ్ము పని పది గంటలకి మొదలైంది. నాలుగో నంబరు బిళ్ళ అందరి ముందూ పైకి చదివారు. డ్రమ్ము అంచు గొలుసుని కొయ్యకుండా మందపాటి రబ్బరు ముక్కలు వేశారు. ముందు జానెడే ఎత్తించి, ఆపించి, బరువు సమంగా ఉందో లేదో చూశారు. మావయ్యగారు ఖలాసీలందర్నీ గీత అవతలకి పంపి, తాను కూడా గీత అవతలకే వచ్చి నిలబడ్డారు. మేస్త్రీ పక్కనే నిలబడాల్సి రావడంతో నిదానం ఎటు చూడాలో తెలియక టోపీ సర్దుకున్నాడు. మావయ్యగారి చెయ్యి పైకి లేచింది, చూపుడు వేలు తిరిగింది, డ్రమ్ము బుద్ధిగా గాల్లో వెళ్ళి దిమ్మల మీద కూర్చుంది. వెంట్రుకవాసి తేడా లేదు. నిదానం తన జీవితంలో మొదటిసారి తొందరపడి చప్పట్లు కొట్టాడు.

మధ్యాహ్నం కోడలు, పనికిరాక పక్కన పెట్టిన గొలుసుల కాగితం రాసింది. గొలుసు నంబరు పద్దెనిమిది. లోపం, ఎడమ కాలు ఏడో లింకు అరిగింది. కనిపెట్టినవారు, ఖలాసీల మేస్త్రీ. అక్కడిదాకా అంతా నిజమే. ఎప్పుడు కనిపెట్టారు అన్న గడి దగ్గర కాస్త ఆగి, ఈ రోజు తారీఖు వేసింది. వేసి మావయ్యగారికి సంతకానికి ఇచ్చింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందకి చదివారు. కోడలి వంక చూశారు. కలం తీసుకుని ఆ తారీఖు కొట్టేసి, "ఏడాది క్రితం" అని పెద్ద పెద్ద అక్షరాలతో రాసి, కింద సంతకం పెట్టారు.

మేనేజరు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. చేతిలో టీ చల్లారిపోయింది.

"ఇది మీరు రాయకపోతే నాకు తెలిసేది కాదు మేస్త్రీగారూ."

"తెలిసేది కాదండీ."

 మేనేజరు మెత్తగానే మాట్లాడాడు గానీ, మాట మాత్రం మెత్తనిది కాదు. ఏడాది పాటు దాచిన మనిషి చేతిలో ఇక బరువులు పెట్టలేనన్నాడు. రేపటి నుంచి నిదానమే మేస్త్రీ. ఇంటికి పంపడానికి మాత్రం మనసొప్పడం లేదు కాబట్టి, గొలుసుల గదిలో ఉండమన్నాడు. రెండేళ్ళు, కోడలి చేతి కింద.

మావయ్యగారు తలూపి బయటికి వచ్చారు. ఆ సాయంత్రం స్కూటరు మీద చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అన్నాల దగ్గర శాసనం ఉన్నా సంగతి తానే బయటపెట్టారు, లింకు అరగడం దగ్గర నుంచి నిదానం మేస్త్రీ అవడం దాకా. అత్తగారు గరిటె పట్టుకుని అంతా విని, ఇంట్లో నా చేతి కింద, పనిలో కోడలి చేతి కింద, ఇంకేం కావాలి మీకు, సుఖపడ్డారు పొండి అని రెండోసారి వడ్డించింది. ఆయన నవ్వలేదు గానీ, పెట్టినదంతా తిన్నారు. ఒక్కడినే బరువు పక్కన నిలబడేవాడినన్న ముక్క మాత్రం ఆ చెప్పిన దాంట్లో లేదు. కోడలు అది గమనించి ఊరుకుంది.

మర్నాడు గొలుసుల గదిలో మొదటి పని పద్దెనిమిదో గొలుసుదే. పనికిరాని గొలుసుని కొక్కేనికి తగిలించి ఉంచకూడదు, ముక్కలు చెయ్యాలి. లేకపోతే ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు తొందరలో తగిలించేస్తారు. ఆ పని ఇంకెవరికైనా చెప్తానంది కోడలు. నా చేత్తోనే చేస్తాను అన్నారు మావయ్యగారు. పోయేటప్పుడైనా శుభ్రంగా పోనీ అని, ముందు దాన్ని కిరసనాయిలు తొట్టిలో వేసి, బ్రష్షుతో తోమడం మొదలుపెట్టారు. ముప్ఫై ఒక్క ఏళ్ళ గ్రీజు నల్లగా దిగింది. కడిగి, గుడ్డతో తుడిచి, ఏడో లింకుని ఇనప దిమ్మ మీద పెట్టి, ఉలి ఆనించి సుత్తితో కొట్టారు.

ఒక్క దెబ్బ. పదిహేను ఇరవై దెబ్బలన్నా పడతాయని ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు. ఒక్క దెబ్బకే లింకు టక్కుమని నోరు తెరిచింది.

మావయ్యగారు రెండో దెబ్బకి ఎత్తిన సుత్తి దించలేదు. అలాగే గాల్లో పట్టుకుని చూస్తున్నారు. కోడలు వచ్చి లింకు చేతిలోకి తీసుకుని దీపం దగ్గర పెట్టింది. అరిగిన చోటు కాదు విరిగింది, దాని లోపలి వైపు. వేలికి అందని చోట బీట ఉంది. విరిగిన అంచు ముప్పాతిక భాగం నల్లగా ఉంది, మెరుస్తున్నది, అంటే నిన్నటిదాకా పట్టి ఉన్నది, చివర గోరంతే.

"ఎన్నాళ్ళదమ్మా ఇది?"

"లోపలంతా తుప్పు పట్టి నల్లబడిపోయింది మావయ్యా. ఇవాళ్టిది కాదు, నిన్నటిదీ కాదు. పైన గ్రీజు కప్పేసింది, అందుకే కనపడలేదు."

వారం వారం రెండేసి గంటలు కూర్చుని ఆ గ్రీజు పూసింది ఎవరో ఇద్దరికీ తెలుసు.  ఆయన సుత్తి దించి స్టూలు మీద కూర్చున్నారు. అరుగుదల ఒక్కటే తెలుసని, ఇది తెలియదని, అసలేమీ తెలియదని మెల్లగా అన్నారు. 

"నిన్న నా పక్కన నిలబడతానన్నావు. నిజంగా నిలబడేదానివా?"

"మీరు నిజంగా ఎత్తేవారా?"

ఆయన చాలాసేపు ఆలోచించారు. అబద్ధం ఆడడానికి కాదు.

"ఎత్తేవాణ్ణి."

"నేనూ నిలబడేదాన్నే."

  మావయ్యగారు, మీ అత్తయ్యకి ఇది చెప్పకమ్మా అన్నారు. ఈ సాయంత్రమే చెప్తాను, లింకు కూడా తీసుకెళ్ళి చూపిస్తాను, మీరు ఎక్కడ నిలబడేవారో కూడా చెప్తాను అంది కోడలు. ఆయన వద్దనడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, సరే చూపించు అన్నారు.

తర్వాత లేచి, మొహం కడుక్కుని వచ్చి, ఒకటో నంబరు గొలుసు దించారు. కిరసనాయిలు తొట్టిలో వేసి, కడిగి, బల్ల మీద బారుగా పరిచి, దీపం దగ్గరికి లాక్కుని, మొదటి లింకుని నాలుగు వైపులా తిప్పి చూడడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం దాకా రెండు గొలుసులు కూడా పూర్తవలేదు. కోడలు తొందరపెట్టలేదు.